ముందు ఫైలు చూపించండి

(న్యాయశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభ నిర్వాహకులు నాకిచ్చిన అంశం పట్టణ ప్రణాళిక, భవన అనుమతుల మీద న్యాయసమీక్ష. ఈ మాట చెప్పగానే నా స్నేహితుడొకడు నవ్వాడు. "అది గేటెడ్ కమ్యూనిటీల సబ్జెక్టు కదా, సెట్‌బ్యాకులు, ఫ్లోర్లు, పార్కింగు. అంబేద్కరైట్ సభలో దానికేం పని?" అన్నాడు. అతనికి అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మొదట మా పేట సంగతి. నేను పుట్టింది కోస్తాలో ఒక చిన్న మునిసిపాలిటీ. ఊరికి చివర ఎస్సీ కాలనీ. 1970లలో మూడేసి సెంట్ల చొప్పున పట్టాలిచ్చి కట్టించిన కాలనీ అది. లేఅవుట్‌లో మధ్యన కొంత జాగా బడికీ, పిల్లల ఆటలకూ అని వదిలారు. బడి రాలేదు. కానీ ఆ జాగాకి బడిదొడ్డి అని పేరు మాత్రం నిలిచిపోయింది. మా క్రికెట్ అక్కడే, పెళ్ళి పందిళ్ళు అక్కడే, ఎవరైనా పోతే జనం కూర్చునేది అక్కడే, ఏప్రిల్ 14న సభ కూడా అక్కడే. కొన్నేళ్ళ కిందట ఒకరోజు మా అమ్మ ఫోన్ చేసింది. "ఒరే, బడిదొడ్లో పునాదులు తవ్వుతున్నారు. ఏదో కల్యాణమండపమంట. బోర్డు కూడా పెట్టారు, పర్మిషన్ నంబరు ఉంది. నువ్వు లాయరువి కదా, ఎట్టా కుదిరిందో కనుక్కో" అంది.

మా మామయ్యని వెంటబెట్టుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను. ఖాళీ స్థలంగా వదిలిన జాగాలో వాణిజ్య భవనానికి ప్లాను ఎలా మంజూరు చేశారని అడిగాను. టౌన్ ప్లానింగ్ విభాగంలో ఉన్నాయన నన్ను కాకుండా మామయ్యని చూసి, "మీరు ఆ కాలనీ వాళ్ళా? మీ ఇళ్ళకి ప్లాన్లున్నాయా?" అన్నాడు.

మేం వెళ్ళింది ఆయనిచ్చిన కాగితం గురించి అడగడానికి. ఆయన మా కాగితం అడిగాడు. ప్రభుత్వమే స్థలమిచ్చి, ప్రభుత్వమే గోడలు లేపిన ఇళ్ళకి మామయ్య ఎక్కడి నుంచి ప్లాను తెస్తాడు? మాట రాక నిలబడిపోయాడు. ఆ ఒక్క ప్రశ్నలో ఈ దేశపు పట్టణ ప్రణాళిక చట్టమంతా ఉందని నాకు తర్వాత, కోర్టుల చుట్టూ తిరిగాక, అర్థమైంది.

ఇప్పుడు మీరంతా చదివిన కేసుకి వస్తాను. నోయిడాలో సూపర్‌టెక్ జంట టవర్లు. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు వాటిని కూల్చమంది, 2022 ఆగస్టు 28న అవి కొద్ది సెకన్లలో నేలమట్టమయ్యాయి. టీవీలో మనందరం చూశాం. టీవీ చూపించింది దుమ్మునే. అసలు కథ ఫైల్లో ఉంది. ఎమరాల్డ్ కోర్ట్ అనే సముదాయానికి 2005లో మొదటి ప్లాను మంజూరైంది. 2006లో సవరించారు, 2009లో మళ్ళీ సవరించారు, 2012లో మూడోసారి సవరించి రెండు టవర్లను 40 అంతస్తులకి పెంచుకోనిచ్చారు. రెండు భవనాల మధ్య నిబంధనల ప్రకారం ఉండాల్సిన దూరం 16 మీటర్లు, వదిలింది 9 మీటర్లు. మొదట ఇళ్ళు కొన్నవాళ్ళకి పచ్చిక అని చూపించిన జాగాలోనే టవర్లు లేచాయి. ఆ ఇళ్ళవాళ్ళ సమ్మతి ఉత్తరప్రదేశ్ అపార్ట్‌మెంట్ చట్టం ప్రకారం తీసుకోవాలి, తీసుకోలేదు.

ఇందులో నన్ను వెంటాడే వివరం ఒకటుంది. మంజూరైన ప్లాన్లు చూపించమని నివాసుల సంఘం నోయిడా సంస్థని అడిగింది. నోయిడా ఏం చేసిందంటే, "చూపించమంటారా?" అని బిల్డర్‌కి ఉత్తరం రాసింది. బిల్డర్ వద్దన్నాడు. నోయిడా చూపించలేదు. ప్రజల తరఫున ప్లాను మంజూరు చేసే సంస్థ, ఆ ప్లాను ప్రజలకి చూపించడానికి బిల్డర్ అనుమతి కోరింది! సుప్రీంకోర్టు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. అధికారులూ బిల్డరూ కుమ్మక్కయ్యారని తేల్చి, బాధ్యులపై ప్రాసిక్యూషన్‌కి అనుమతించిన అలహాబాద్ హైకోర్టు ఆదేశాన్ని నిలబెట్టింది, కొనుగోలుదారులకి 12 శాతం వడ్డీతో డబ్బు తిరిగి ఇప్పించింది.

న్యాయసమీక్ష అంటే ఇదే. పుస్తకాల్లో చదివేటప్పుడు అది ఏదో గంభీరమైన సిద్ధాంతంలా ఉంటుంది గానీ, పని చేసేటప్పుడు చాలా మామూలు ప్రశ్నలడుగుతుంది. కోర్టు ప్లాను గీయదు, మండపం అందంగా ఉందో లేదో చూడదు. ఈ సంతకం పెట్టినవాడికి ఆ అధికారం ఉందా? చట్టం చెప్పిన దారిలో నడిచాడా? దెబ్బతినేవాళ్ళని విన్నాడా? చూడాల్సినవి చూశాడా, చూడకూడనివి చూశాడా? ఎవరో పైనుంచి చెబితే చేశాడా? జవాబులన్నీ ఫైల్లో ఉండాలి. మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం మీకు తెలిసే ఉంటుంది. ఉత్తర్వులో లేని కారణాన్ని తర్వాత అఫిడవిట్‌లో అతికించి దాన్ని బతికించడం కుదరదు. పేదవాడి తరఫున నిలబడే లాయర్‌కి ఇంతకన్నా పదునైన పనిముట్టు లేదని నా అనుభవం. ఎందుకంటే మన దగ్గర కాగితాలుండవు. వాళ్ళ దగ్గరుంటాయి. వాళ్ళ కాగితాలతోనే వాళ్ళని నిలదీయొచ్చు.

ఈ దారి పాతదే. 1974లో ఉడుపి కేసు. నివాస ప్రాంతంలో సినిమా హాలుకి మునిసిపాలిటీ అనుమతిచ్చింది. అక్కడి నివాసి ఒకాయన కోర్టుకెక్కాడు. అప్పటికే బోలెడు డబ్బు పెట్టి కట్టేశారన్న వాదనని కోర్టు పట్టించుకోలేదు, మునిసిపాలిటీ తీర్మానాన్ని కొట్టేసింది. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు మనకి ఇంకా దగ్గరిది. పార్కు కోసం వదిలిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశంతో ప్రైవేటు నర్సింగ్ హోముకి కట్టబెట్టారు. ఆసుపత్రి కూడా ప్రజలకి మంచిదే కదా అని వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. పార్కు అంటే గాలి, పిల్లల ఆట, అందరిదీ. దాన్ని ఒకరికి రాసిచ్చే అధికారం ముఖ్యమంత్రికి ఆ చట్టంలో ఎక్కడా లేదంది. ఆ చుట్టుపక్కల నివాసులకి కోర్టుకొచ్చే హక్కుందని కూడా స్పష్టం చేసింది. నా పిటిషన్‌లో బడిదొడ్డి కోసం నేను మొట్టమొదట రాసుకున్న తీర్పు ఇదే.

అయితే ఈ కేసులన్నిటిలో కోర్టుకొచ్చినవాళ్ళు ఎవరు? ఫ్లాట్ల యజమానులు, బెంగళూరులో సంపన్నుల పేటలో ఉండేవాళ్ళు. వాళ్ళకి సేల్ డీడ్ ఉంది, సంఘం ఉంది, ఫీజు చెల్లించే శక్తి ఉంది. అందుకని కోర్టు "మీ ఇంటికి ప్లానుందా?" అని అడగాల్సిన అవసరమే రాలేదు. నేరుగా ప్రభుత్వాన్ని అడిగింది. వాళ్ళు గెలవడం తప్పు కాదు. మంచిదే. వాళ్ళు తెచ్చిన సూత్రాలు మనవి కూడా.

ఇప్పుడు రెండో పక్కకి రండి. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ళ జీవనోపాధి కూడా 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమే అంది. నోటీసు లేకుండా తొలగించే అధికారం కమిషనర్‌కి చట్టంలో ఉన్నా, మామూలుగా వాళ్ళని వినాల్సిందే అంది. గొప్ప మాట. అదే తీర్పు చివరికి వాళ్ళని ఖాళీ చేయించడానికీ ఒప్పుకుంది. ఆ తర్వాత 2000లో అల్మిత్రా పటేల్ కేసు వచ్చింది. అది నిజానికి ఢిల్లీ చెత్త గురించిన కేసు. చెత్త గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ కోర్టు బస్తీవాళ్ళ దగ్గరికి వచ్చింది. ఆక్రమించినవాడికి ప్రత్యామ్నాయ స్థలమివ్వడాన్ని జేబుదొంగకి బహుమానమివ్వడంతో పోల్చింది. ఆ బస్తీల్లో నివసించేవాళ్ళలో ఆ నగరం చెత్త ఎత్తేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ విడ్డూరం గురించి మన లా కాలేజీల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు.

బిల్డర్ ముందు నిలబడ్డప్పుడు కోర్టు అధికారి ఫైలు అడుగుతుంది. పేదవాడు నిలబడ్డప్పుడు పేదవాడి కాగితం అడుగుతుంది. మా టౌన్ ప్లానింగ్ అధికారి కూడా ఆ రోజు చేసింది అదే. తేడా వ్యక్తుల్లో లేదు, ప్రశ్నలో ఉంది.

2024 నవంబరు 13న బుల్డోజర్ కూల్చివేతల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుని మనమంతా స్వాగతించాం. నేనూ స్వాగతించాను. 15 రోజుల నోటీసు, రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, ఇంటికి అంటించాలి, విని కారణాలతో ఉత్తర్వివ్వాలి, ఉత్తర్వు తర్వాత మరో 15 రోజులు ఆగాలి, కూల్చివేతని వీడియో తీయాలి. ఉల్లంఘించిన అధికారి తన జేబులోంచి నష్టం కట్టాలి. 2025 ఏప్రిల్‌లో ప్రయాగ్‌రాజ్ కేసులో, నోటీసు అంటించి 24 గంటల్లో ఇళ్ళు కూల్చినందుకు ఇంటికి 10 లక్షల రూపాయల చొప్పున ఇప్పించింది కూడా. ఇవన్నీ నిజమైన విజయాలు.

కానీ ఆ నవంబరు తీర్పులో ఒక మినహాయింపు పేరా ఉంది. దాన్ని జాగ్రత్తగా చదవండి. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్క, నది, చెరువుల మీద ఉన్న అనధికార కట్టడాలకి ఈ మార్గదర్శకాలు వర్తించవు. చదువుతుంటే మామూలుగానే అనిపిస్తుంది. రోడ్డు మీద ఎవరు కట్టమన్నారు అనిపిస్తుంది. కానీ ఒక్కసారి మీ ఊరి మ్యాపు ముందు పెట్టుకుని చూడండి. రైలు పట్టాల పక్కన ఎవరుంటారు? నాలా గట్టున, మూసీ ఒడ్డున, చెరువు శిఖంలో ఎవరుంటారు? ఊరికి వెలిగా ఉన్న వాడ పట్టణానికి వచ్చాక ఎక్కడ దిగింది? మిగిలిన జాగాలో దిగింది. మిగిలిన జాగా అంటే ఆ పేరాలో రాసినవే. ఉద్దేశం అది కాకపోవచ్చు. వెలివాడ చిరునామా మాత్రం అందులో పొల్లు పోకుండా ఉంది.

దీనికి చట్టంలో జవాబు లేదా? ఉంది. ఆ పేరా చెప్పింది ఆ ప్రత్యేక మార్గదర్శకాలు వర్తించవని మాత్రమే. నోటీసే అక్కర్లేదని కాదు. ఓల్గా టెల్లిస్ ఐదుగురి తీర్పు, అది ఫుట్‌పాత్ గురించే. ఇద్దరి ధర్మాసనం దాన్ని తీసేయలేదు. ఢిల్లీ హైకోర్టు 2019లో అజయ్ మాకెన్ కేసులో, రైల్వే స్థలంలో ఉన్న శకూర్ బస్తీ గురించే తేల్చింది. ముందు సర్వే చెయ్యాలి, పునరావాసానికి ఎవరు అర్హులో చూడాలి, వాళ్ళతో మాట్లాడాలి, అప్పుడే ఖాళీ చేయించే మాట. బస్తీవాసిని ఆక్రమణదారుగా కాక హక్కులున్న మనిషిగా చూడాలంది. మన హైకోర్టుల్లో ఈ తీర్పుని ఎంతమంది లాయర్లు చూపిస్తున్నారు? నేను చూసినంతలో చాలా తక్కువ.

హైదరాబాద్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2024 జూలైలో జీవో 99తో హైడ్రా వచ్చింది. చెరువులు కాపాడాలన్నదాంట్లో మనకి పేచీ లేదు. చెరువు పూడితే వరద మొదట వచ్చేది మన గుమ్మంలోకే. కానీ ఆ సెప్టెంబరులో అమీన్‌పూర్ కూల్చివేతల మీద తెలంగాణ హైకోర్టు హైడ్రా కమిషనర్‌నీ తహసీల్దార్‌నీ విచారణకి పిలిచి, ఆదివారం నాడు కూల్చడమేమిటని నిలదీసింది. ఆదివారం ఎందుకంటారా? కోర్టు సెలవు కనుక. అదే నెలలో మూసీ వెంట ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో ఇంగ్లీషు అక్షరాలు రాశారు. ఆర్‌బీ-ఎక్స్. ఆ ఇళ్ళల్లో కొందరికి డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళిచ్చారు, నిజమే. అయితే గోడ మీద గుర్తు వేయడం ఏ చట్టంలో ఏ సెక్షన్ కింద నోటీసు? జీహెచ్‌ఎంసీ చట్టంలో 452 ఉంది, 636 ఉంది. ముందు షోకాజ్, తర్వాత జవాబు వినడం, తర్వాత ఉత్తర్వు. రంగు డబ్బా ఏ సెక్షన్‌లోనూ లేదు.

కేరళలో మరడు ఫ్లాట్లు గుర్తున్నాయా? తీర ప్రాంత నిబంధనల్ని తోసిరాజని పంచాయతీ ఇచ్చిన అనుమతులతో కట్టినవి. సుప్రీంకోర్టు 2019లో కూల్చమంది, 2020 జనవరిలో కూల్చారు. ఫ్లాట్ల యజమానులకి తక్షణం 25 లక్షల చొప్పున ఇవ్వమని కూడా అంది. ఎందుకు? తప్పు అనుమతిచ్చినవాడిది, కట్టినవాడిది. ఆ తర్కం సరైనదే. మరి అదే తర్కం నాలా గట్టు మీది ఇంటికి ఎందుకు రాదు? ఆ ఇంటికి మునిసిపాలిటీ నంబరిచ్చింది, పన్ను కట్టించుకుంది, కరెంటు మీటరిచ్చింది, ఓటరు జాబితాలో పేరెక్కించింది. అనుమతి ఒకే కాగితం మీద లేదు, నాలుగు కాగితాల మీద ఉంది. అంతే తేడా.

అమరావతి గురించి అడుగుతారని తెలుసు, కనుక ముందే చెబుతాను. 2023లో ఆర్-5 జోన్ పేరుతో రాజధాని ప్రాంతం బయటి పేదలకి, 50 వేలకి పైగా మహిళలకి సెంటు స్థలాల పట్టాలిచ్చారు. ఆ ఆగస్టు 3న హైకోర్టు ఇళ్ళ నిర్మాణాన్ని ఆపింది. రైతులతో ఒప్పందం చేసుకున్న మాస్టర్ ప్లాన్‌ని ప్రభుత్వం ఏకపక్షంగా మార్చవచ్చా అన్నది చట్టపరంగా నిజమైన ప్రశ్నే. ఆ రైతుల్లో అసైన్డ్ భూములిచ్చిన దళితులూ ఉన్నారు. పట్టా రైతుకీ వాళ్ళకీ ప్యాకేజీలో తేడా పెట్టింది మొదటి ప్రభుత్వమే. కాబట్టి ఎవరో ఒకరు పేదల పక్షం, ఇంకొకరు శత్రువులు అని తేల్చేసే పని నేను చేయను. కానీ సీఆర్‌డీఏ చట్టంలోనే సమీకరించిన భూమిలో 5 శాతం పేదల ఇళ్ళకని రాసుంది. ఆ 5 శాతం ఎక్కడుందో చూపించమని, అది లేకుండా ప్లాను ఎలా నోటిఫై చేశారని మొదట్లోనే మనం ఎందుకు రిట్ వేయలేదు? ప్లాను గీసేటప్పుడు మనం అక్కడ లేం. గీశాక దాన్ని మార్చబోతే చట్టం అడ్డొచ్చింది. అభ్యంతరాలు చెప్పమని ముసాయిదా మాస్టర్ ప్లాన్ నోటిఫికేషన్ పత్రికల్లో వచ్చే ఆ కొన్ని వారాలు ఎంత విలువైనవో మన సంఘాలకి ఇంకా తెలీదు.

బాబాసాహెబ్ 1948 నవంబరు 4న ముసాయిదా రాజ్యాంగాన్ని ప్రవేశపెడుతూ ఒక హెచ్చరిక చేశారు. రాజ్యాంగం రూపు మార్చకుండానే, పాలనా విధానం మార్చి దాన్ని చెడగొట్టవచ్చని. పరిపాలనా వివరాలన్నీ రాజ్యాంగంలో ఎందుకు రాశారని అడిగినవాళ్ళకి ఆయన జవాబు అది. మనం ఆయన పెద్ద మాటల్నే గోడల మీద రాసుకుంటాం. నాకు మాత్రం మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళిన ప్రతిసారీ ఈ మాటే గుర్తొస్తుంది. 14వ అధికరణాన్ని ఎవరూ సవరించరు. ఒక జోన్ రంగు మారుస్తారు, ఒక నోట్‌ఫైల్లో "అభ్యంతరాలు రాలేదు" అని రాస్తారు. అంతే.

మా బడిదొడ్డి ఏమైందో చెప్పి ఆపుతాను. సమాచార హక్కు కింద మంజూరు ఫైలు అడిగాం. మూడో పక్షం సమాచారం కనుక మండపం యజమానిని అడుగుతున్నామని జవాబొచ్చింది. సూపర్‌టెక్ తీర్పు అప్పటికి రాలేదు. వచ్చాక ఆ పేరా చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. చివరికి రిట్ వేశాం. కౌంటర్‌లో మొదటి వాక్యం, పిటిషనర్ల ఇళ్ళకే అనుమతులు లేవు కనుక వాళ్ళకి ప్రశ్నించే అర్హత లేదని. జడ్జిగారు అది చదివి, "అది తర్వాత చూద్దాం. ముందు ఒరిజినల్ ఫైలు తెండి" అన్నారు. నేను వినాలనుకున్న మాట అదే. ఫైలొచ్చింది. స్థల తనిఖీ నివేదిక తేదీ, అనుమతి ఇచ్చిన తేదీకి తొమ్మిది రోజుల తర్వాత ఉంది. చుట్టుపక్కల వాళ్ళకి నోటీసిచ్చిన దాఖలా లేదు. లేఅవుట్ కాపీలో బడి అని ఉన్న చోట దిద్దుబాటు, దాని పక్కన సంతకం లేదు.

అనుమతి కొట్టేశారు. పేటలో ఆ రాత్రి డప్పు మోగింది. కానీ అప్పటికి రెండంతస్తులు లేచాయి. మండపం వాళ్ళు క్రమబద్ధీకరణకి దరఖాస్తు పెట్టుకున్నారు. 2007 చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో బీపీఎస్ వచ్చింది మొదలు ఈ దారి తెరిచే ఉంటోంది, ఏదో ఒక పేరుతో మళ్ళీ తెరుచుకుంటూనే ఉంది. డబ్బు కడితే తప్పు ఒప్పవుతుంది. బహిరంగ స్థలంలో కట్టినదానికి ఆ పథకం వర్తించదని మేమంటున్నాం, అది బహిరంగ స్థలమే కాదని వాళ్ళంటున్నారు. దరఖాస్తు తేలేదాకా కూల్చొద్దని ఇంకో ఉత్తర్వు. రెండో రిట్ నడుస్తోంది. మండపానికి తాళం ఉంది, వరండాలో మా పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. అమ్మ మొన్న ఫోన్‌లో, "కొట్టేశారన్నావు, మరి గోడలు అట్టాగే ఉన్నాయేందిరా?" అంది. అనుమతిని కొట్టేయడమూ గోడని కొట్టేయడమూ ఒకటి కాదని ఆమెకి చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను. పూర్తిగా ఒప్పుకోలేదు.

ఆ ఫైలు నోట్‌షీట్లు, పేర్లు కొట్టేసి, 30 సెట్లు జిరాక్స్ తీయించుకొచ్చాను. టీ తర్వాత నలుగురేసి కూర్చుని చదవండి. తేదీల్లో ఇంకో తప్పుంది, అది హైకోర్టులో నాకూ తట్టలేదు. మా మామయ్య పట్టుకున్నాడు. మీలో ఎవరికి కనబడుతుందో చూద్దాం.

జై భీమ్.